తప్పు బయటపడిన మొదటి పది నిమిషాలు: మనదైనా, ఎదుటివాళ్లదైనా ఏం చేయాలి?

ఇరవై ఏళ్లకు పైగా ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్దాను. ఇంకోలా చెప్పాలంటే, జీతం తీసుకుని పక్కవాళ్ల తప్పులు వెతికాను. అలాంటి నా చేతిలోంచే ఒకసారి ఘోరమైన తప్పు జారిపోయింది.

జిల్లా పేజీలో ఒక పెద్దాయన షష్టిపూర్తి ప్రకటన. కంపోజ్ చేసిన కుర్రాడు ముందురోజు వచ్చిన వర్ధంతి ప్రకటన ఫైలునే తెరిచి ఫొటో, పేరు, తేదీ మార్చాడు. ప్రూఫు నా బల్ల మీదకొచ్చింది. అరవైని సూచించే 'షష్టి'లో ఉండేది మామూలు 'ట', తిథి పేరైన 'షష్ఠి'లో ఉండేది ఒత్తు 'ఠ'. అక్కడ నూటికి తొంభైమంది పొరబడతారని నాకు తెలుసు కాబట్టి ఆ ఒక్క అక్షరం మీదే కన్నంతా పెట్టాను. ఇంటిపేరు చూశాను, తేదీ చూశాను, టిక్కు పెట్టి పంపేశాను. పొద్దున్నే ఆరున్నరకు ఫోన్ మోగింది. ప్రకటన అడుగున పాత లైను అలాగే ఉండిపోయింది: 'అశ్రునయనాలతో, కుటుంబ సభ్యులు'.

మా డెస్క్ ఇన్‌చార్జి నన్ను ఒక్క మాట అనలేదు. "స్కూటర్ తియ్. ముందు వాళ్లింటికి పోదాం. ఎలా జరిగిందో దారిలో చెబుదువుగాని" అన్నారు. వెళ్లేసరికి వాళ్లబ్బాయి గేటు దగ్గరే మా మీద విరుచుకుపడ్డాడు. ఆ కోపం న్యాయమే. లోపల అమ్మగారు ఏడుస్తున్నారు. పెద్దాయన మాత్రం అరుగు మీద కూర్చుని అదే పేపరు రెండోసారి చదువుతున్నారు. మేం చెప్పుకునేదంతా విని, "మా ఆవిడ నిజంగానే ఏడుస్తోంది కదయ్యా, మీరు రాసినదాంట్లో అబద్ధమేముంది?" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడు సరైన ప్రకటన ఉచితంగా వేశాం. ఆ వారంలోనే పాత ఫైలు మీద కొత్త ప్రకటన కట్టే పద్ధతి ఎత్తేసి, పుట్టినరోజుకు ఒకటి, పెళ్లిరోజుకు ఒకటి, వర్ధంతికి ఒకటి ఖాళీ నమూనాలు తయారు చేయించారు మా ఇన్‌చార్జి. నేనున్నన్నాళ్లూ ఆ తరహా తప్పు మళ్లీ పడలేదు. ఆ రోజు ఆయన పాటించిన వరుసనే తర్వాత ఇంట్లో, బంధువుల దగ్గర, అపార్ట్‌మెంట్ గొడవల్లో వాడి చూశాను. కింద రాసిందంతా దాని వివరమే.

1. ముందు నష్టం ఆపండి, పంచాయతీ తర్వాత

పాలు పొంగితే ముందు స్టవ్ కట్టేస్తాం. ఎవరు చూడాల్సిందో తర్వాత తేల్చుకుంటాం. వంటింట్లో అందరికీ తెలిసిన ఈ సంగతిని డబ్బు దగ్గర, పరువు దగ్గర మర్చిపోతాం.

మా బంధువుల్లో ఒకాయనకు రాత్రిపూట మెసేజ్ వచ్చింది: కరెంటు బిల్లు కట్టలేదు, ఇవాళే కనెక్షన్ తీసేస్తాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని. చేశారు. అవతలివాడు చెప్పిన యాప్ దించుకున్నారు. ఖాతాలోంచి డబ్బు పోయింది. ఆ సంగతి కొడుక్కి చెప్పింది రెండో రోజు సాయంత్రం! రిటైరైన హెడ్మాస్టరు, లెక్కల్లో దిట్ట. ఎందుకు దాచారంటే, అంతకుముందు ఏటీఎం కార్డు పోగొట్టుకున్నప్పుడు కొడుకు, "ఈ వయసులో మీకెందుకు నాన్నా ఇవన్నీ" అని కోడలి ముందే అన్నాడట. ఆ ఒక్క మాట ఖరీదు ఈసారి చేజారిన ఆ సమయమంతా. ఇలాంటి మోసాల్లో డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ పోతుంది. ఎంత తొందరగా చెబితే మధ్యలో ఆపించే వీలు అంత ఎక్కువ.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా తెల్లబోయిన మొహంతో ఫోన్ పట్టుకుని వచ్చి నిలబడితే, మీ నోట్లోంచి రావాల్సిన మొదటి మాట ఇది: "చెప్పి మంచి పని చేశారు. ఫోనివ్వండి, 1930కి చేద్దాం." అది సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే జాతీయ హెల్ప్‌లైన్. వెంటనే బ్యాంకుకూ చెప్పి ఖాతా ఆపించండి. లావాదేవీ నంబరు, సమయం, అవతలి ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసుకోండి. మెసేజ్‌లు చెరిపేయొద్దు. ఇదంతా అయ్యాక కాఫీ ఇవ్వండి. "ఎలా నమ్మావు?" అనే ప్రశ్న ఆ రోజుకు వాయిదా వేసుకోండి. వీలైతే శాశ్వతంగా.

2. నోటి చివర నిలబడే మూడు మాటల్ని ఆపండి

తెలుగిళ్లలో తప్పు జరగ్గానే మూడు వాక్యాలు సిద్ధంగా ఉంటాయి. మా ఇంట్లోనూ ఉన్నాయి.

మొదటిది "నేను ముందే చెప్పానా". దీనివల్ల ఒలికిన నూనె సీసాలోకి వెనక్కి పోదు. నిజానికి చాలాసార్లు మనం ముందే చెప్పి కూడా ఉండం. జరిగిపోయాక చూస్తే అంతా ముందే తెలిసినట్టు అనిపించడం మనిషి బుర్రకున్న పాత జబ్బు. బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వవేత్త 1975లో దీన్ని ప్రయోగాలతో చూపించాడు: ఫలితం తెలిసిన తర్వాత, అది జరగడానికి అవకాశం బాగా ఉందని ముందే తెలుసుకోగలిగేవాళ్లమని మనుషులు నమ్ముతారు. ఆరున్నరకు ఫోన్ వచ్చాక 'అశ్రునయనాలతో' అన్న మాట నాకూ పేజీ అంత పెద్దగా కనిపించింది. రాత్రి పదకొండింటికి కనిపించలేదు.

రెండోది "నువ్వెప్పుడూ ఇంతే". ఈ 'ఎప్పుడూ' చాలా చెడ్డ మాట. కూర మాడిన సంగతి మాట్లాడుతున్నవాళ్లం కాస్తా ఆ మనిషి పుట్టుకను మాట్లాడతాం. అవతలివాళ్లు కూరను వదిలేసి తమను తాము కాపాడుకునే పనిలో పడతారు, పదేళ్ల కిందటి మీ తప్పులు తవ్వుతారు. 'ఎప్పుడూ' బదులు 'ఇవాళ' పెట్టి చూడండి: "ఇవాళ కూర మాడింది, ఫోన్ వచ్చిందా?" ఒక్క మాట మారితే జవాబే మారిపోతుంది.

మూడోది "కళ్లు నెత్తికెక్కాయా". దీని గురించి చెప్పడానికేమీ లేదు, మానేయండి.

ఏం అనాలో తోచకపోతే మౌనంగా ఒక గుడ్డ తెచ్చి నేల తుడవండి. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అని పెద్దలు ఊరికే అనలేదు.

3. ఏ రకం తప్పో పోల్చుకోండి

జేమ్స్ రీజన్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త జీవితమంతా మనుషుల పొరపాట్ల మీదే పరిశోధన చేశాడు. 1990 నాటి ఆయన విభజన నాకు ప్రూఫు బల్ల దగ్గర బాగా పనికొచ్చింది. వంటింటి భాషలో చెబుతాను.

చెయ్యి జారడం: కాఫీలో పంచదార బదులు ఉప్పు వేయడం. చేయాలనుకున్నది సరైనదే, చెయ్యి పక్క డబ్బా మీద పడింది.

మరుపు: పప్పు పెట్టి టీవీ ముందు కూర్చోవడం.

తప్పు అంచనా: పదిమందే వస్తారనుకుని వండితే ఇరవైమంది రావడం. చేసిందంతా జాగ్రత్తగానే చేశారు, అనుకున్నదే తప్పు.

తెలిసి దాటడం: గ్యాస్ వాసన వస్తోందని తెలిసి కూడా అగ్గిపుల్ల గీయడం.

ఈ నాలుగింటికీ మనం వాడే మందు ఒకటే, తిట్టడం. మొదటి రెండింటికీ అది అసలు పనిచేయదు. ఉప్పు డబ్బా, పంచదార డబ్బా ఒకేలా ఉండి పక్కపక్కనే ఉంటే మీరు ఎంత తిట్టినా చెయ్యి మళ్లీ జారుతుంది. అక్కడ మార్చాల్సింది డబ్బాను. మూడోదానికి మందు సమాచారం: ఎంతమంది వస్తున్నారో ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి? నాలుగోదానికి మాత్రం గట్టిగా మాట్లాడాల్సిందే. కానీ అక్కడ కూడా ముందు ఒక ప్రశ్న అడగండి. అందరూ రోజూ దాటే గీతను ఈ ఒక్కరు ఇవాళ దాటి దొరికిపోయారా? డెస్కులో 'రెండోసారి చదవాలి' అనే నియమాన్ని డెడ్‌లైన్ వేళ మేమంతా దాటేవాళ్లం. దొరికినవాడి మీద మాత్రం నీతిమంతుల్లా లేచేవాళ్లం. గురివింద గింజకు కింద నలుపు కనబడదు కదా.

4. 'ఎవరు' అని కాకుండా 'ఎలా' అని అడగండి

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ల బి-17 బాంబర్లకు ఒక వింత రోగం పట్టుకుంది. విమానం క్షేమంగా దిగేది. రన్‌వే మీద ఉండగా పైలట్ రెక్కల ఫ్లాపులు ముడవబోయి చక్రాలు ముడిచేసేవాడు. విమానం పొట్ట మీద కూలబడేది. 'పైలట్ తప్పిదం' అని రాసి ఫైలు మూయడం తేలిక. ఆల్ఫోన్స్ చపానిస్ అనే యువ మనస్తత్వవేత్త కాక్‌పిట్‌లోకి వెళ్లి చూశాడు. ఫ్లాపుల మీటా, చక్రాల మీటా ఒకేలా ఉన్నాయి, పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని చివర చిన్న చక్రం ఆకారంలో, రెండోదాని చివర రెక్క ముక్క ఆకారంలో పిడి బిగిస్తే చేతికే తెలిసిపోతుందన్నాడు. తర్వాతి రోజుల్లో విమానాల్లో ఆ పద్ధతే స్థిరపడింది. ఉప్పు డబ్బా, పంచదార డబ్బా కథే ఇదీ.

'ఎలా' అని అడగడంలో ఒక చిక్కుంది, గొంతు. "ఎలా చేశావురా ఇలా!" అన్నది ప్రశ్న కాదు, తిట్టే. నిజంగా తెలుసుకోవాలంటే ఇలా అడగండి: "నువ్వు ఆ బటన్ నొక్కేముందు నీకు స్క్రీన్ మీద ఏం కనిపించింది?" "అప్పుడు నీ చేతిలో ఇంకేం పనులున్నాయి?" మా ఇన్‌చార్జి స్కూటర్ మీద నన్ను అడిగింది ఒకే ప్రశ్న: "ప్రూఫు పట్టుకున్నాక ముందు ఎక్కడ చూశావ్?" షష్టి దగ్గర చూశానన్నాను. "అదీ సంగతి. ఒక్క తప్పు కోసం కాపలా కాస్తూ మిగతా పేజీ వదిలేశావ్" అన్నారు. నా గురించి నాకు తెలియని విషయం అది. ఆయన తిట్టుంటే తెలిసేదే కాదు.

మెత్తగా ఉంటే జనం నెత్తికెక్కుతారనే భయం చాలామంది మేనేజర్లలో చూశాను. ఆమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో అమెరికా ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. బాగా కలిసి పనిచేసే బృందాల్లో పొరపాట్లు తక్కువుంటాయని ఆమె ఊహ. లెక్క తిరగబడింది, వాళ్ల దగ్గరే ఎక్కువ తేలాయి. తరచి చూస్తే, అక్కడి నర్సులు భయం లేకుండా బయటికి చెబుతున్నారు, మిగతా వార్డుల్లో దాస్తున్నారు. విమానయానంలో ఈ సంగతి ముందే గ్రహించారు. 1976 నుంచి అమెరికాలో నాసా ఒక వ్యవస్థ నడుపుతోంది. పైలట్ తన పొరపాటును తనే రాసి పంపితే పేరు బయటపెట్టరు. కావాలని చేసింది కాకపోతే, పది రోజుల్లోపు చెప్పినవాళ్లకు జరిమానా నుంచి మినహాయింపు కూడా దొరుకుతుంది. నేరాలకు, ప్రమాదాలకు ఆ రాయితీ లేదు.

మీ ఆఫీసులో గత ఆరు నెలల్లో ఒక్కరు కూడా "సార్, నా వల్ల పొరపాటు జరిగింది" అంటూ మీ గదిలోకి రాలేదా? సంతోషించకండి. వాళ్లు ఇంకెక్కడో చెప్పుకుంటున్నారు.

5. తప్పు మీదే అయితే: 'జరిగింది' అనకండి, 'చేశాను' అనండి

తెలుగు వ్యాకరణం మనకో దొడ్డిదారి ఇచ్చింది. 'తప్పు జరిగింది', 'తప్పైపోయింది', 'పడిపోయింది', 'పగిలిపోయింది'. గ్లాసు తనంతట తనే పగిలినట్టు, తప్పు తనంతట తనే నడిచొచ్చినట్టు. కర్త మాయం. పొరపాటును గ్రహపాటుగా మార్చేసే నేర్పు ఇది. పత్రికల సవరణలన్నీ ఈ బాపతే: 'పొరపాటున ప్రచురితమైంది, చింతిస్తున్నాం'. ఇరవై ఏళ్లు నేనూ అవే రాశాను.

బాధపడిన మనిషి ముందు మాత్రం కర్తను వెనక్కి తెచ్చుకోండి. ఆ అరుగు ముందు నేనన్నది దాదాపు ఇది: "ఈ ప్రకటన చదివి పంపింది నేనండీ. కింది లైను నేను చూడలేదు. మీ ఇంట్లో శుభకార్యం రోజు అమ్మగారిని ఏడిపించాను. రేపటి పేపర్లో సరైనది వేస్తాం, ముందు మీకే చూపిస్తాం." ఇందులో నాలుగున్నాయి: ఎవరు చేశారు, ఏం చేశారు, అవతలివాళ్లకు ఏమైంది, ఇప్పుడేం చేస్తున్నారు. కంపోజ్ చేసిన కుర్రాడి ఊసు లేదు. నిజానికి నోటి దాకా వచ్చింది. ఇన్‌చార్జి నా వైపు ఒక్క చూపు చూశారు, మింగేశాను.

చేయకూడనివి కొన్ని. "సారీ, కానీ..." అన్నారంటే 'కానీ' తర్వాత వచ్చేదే మిగులుతుంది. "మీరు బాధపడి ఉంటే క్షమించండి" అంటే తప్పు వాళ్ల బాధలో ఉందని అర్థం. పెద్ద తప్పుకు వాట్సాప్‌లో దణ్ణం బొమ్మ పెట్టడం నా దృష్టిలో ఇంకో తప్పు. వెళ్లగలిగితే వెళ్లండి, లేదంటే ఫోన్ చేయండి. వాళ్ల ముందు భోరున ఏడ్చి, వాళ్లే మిమ్మల్ని ఓదార్చాల్సిన స్థితి తేకండి. చెప్పాక, వెంటనే క్షమించేయాలని ఎదురుచూడకండి. ఆ ఇంటి అబ్బాయి మాతో ఆ రోజు మళ్లీ మాట్లాడలేదు. అది అతని హక్కు.

6. పెద్దవాళ్లు, పిల్లలు

మన ఇళ్లలో ఒక తరం మగవాళ్లకు 'క్షమించు' అనే మాట నోరు తిరగదు. మధ్యాహ్నం అనరాని మాట అన్న తండ్రి సాయంత్రం సపోటాలు తెచ్చి, "అమ్మాయ్, కోసి పెట్టాను, తింటావా" అంటాడు. అదే క్షమాపణ. దాన్ని అందుకోవడం మర్యాద. అయితే అందుకున్నాక, నాలుగు రోజులాగి, "నాన్నా, ఆ రోజు మీరన్న మాట నన్ను బాధపెట్టింది" అని చెప్పడం కూడా తప్పేం కాదు. సపోటాతో లెక్క పూర్తిగా తేలిపోవాలని రూలేం లేదు.

పిల్లలకు మనం చెప్పే క్షమాపణ వేరే. పెన్సిల్ బాక్స్ పోగొట్టావని బడితెపూజ చేశాక అది కారు సీటు కింద దొరికిందనుకోండి. "నిన్ను అనవసరంగా కొట్టాను, తప్పు నాదే" అని పిల్లాడి కళ్లలోకి చూసి చెప్పండి. చాక్లెట్ ఇచ్చి దాటేయకండి. రేపు వాడు చేసిన తప్పు మీ దగ్గరకొచ్చి చెబుతాడా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది.

ఫలితాల రోజు ప్రత్యేకం. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో 99 రావాల్సింది సున్నా పడింది. దిద్దేవాళ్లు మనుషులే, మార్కులు ఎక్కించేవాళ్లూ మనుషులే, పొరబడతారు. పిల్లలు నిజంగానే సరిగా రాయకపోయి ఉండొచ్చు కూడా. రెండు సందర్భాల్లోనూ ఆ సాయంత్రం మీరు చేయాల్సింది ఒకటే: పక్కన కూర్చోండి, అన్నం పెట్టండి, ఒంటరిగా వదలకండి. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్, సప్లిమెంటరీ ఉన్నాయని మర్నాడు మాట్లాడండి. పక్కింటివాళ్ల మార్కులు ఆ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. పిల్లలు మరీ కుంగిపోయినట్టు అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది. ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు.

7. రెండో కన్ను పెట్టుకోండి

పాతకాలం ప్రెస్సుల్లో ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు మీద వేలు నడిపేవారు. రైలింజన్లో లోకో పైలట్, అసిస్టెంట్ ఇప్పటికీ ప్రతి సిగ్నల్‌నూ ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. చూడడం రానివాళ్లేం కాదు వాళ్లు. ఇంట్లో దీనికి పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. అమ్మ బీపీ మాత్రలకు వారాల గళ్లున్న డబ్బా కొనండి. డబ్బు పంపేముందు అవతలి పేరు పైకి చదవండి. శుభలేఖ ప్రెస్సుకు ఇచ్చేముందు, ఆ పెళ్లితో సంబంధం లేని మనిషి చేత ఒకసారి చదివించండి. ఇంట్లోవాళ్లకు ముహూర్తం కంఠతా వచ్చి ఉంటుంది కాబట్టి, కాగితం మీద ఏముందో వాళ్లకు కనిపించదు.

8. ఈ మార్గదర్శి ఎక్కడ పనికిరాదు

తాగి బండి నడపడం పొరపాటు కాదు. భార్యను కొట్టి "కోపంలో చెయ్యి జారింది" అనేవాడి కోసం పై పేజీలేవీ రాయలేదు. అలాంటి ఇంట్లో ఉన్నవాళ్లు 'సర్దుకుపో' అనే సలహాలు వినకుండా మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి. డబ్బు కాజేసేవాళ్లు, చెప్పిన అబద్ధమే మళ్లీ చెప్పేవాళ్లు కూడా వేరే లెక్కలోకి వస్తారు. దయ చూపడమంటే పర్యవసానాలు లేకుండా చేయడం కాదు. మా ఉచిత ప్రకటన ఖర్చు ఎవరో ఒకరు భరించారు కదా.

9. రాత్రి నిద్ర పట్టనప్పుడు

అందర్నీ క్షమించి, తనను మాత్రం రాత్రి రెండింటికి లేపి తిట్టుకునే రకం మనుషులుంటారు. నేనూ ఆ జాతే. ఆ లైను కొన్ని వారాలపాటు కళ్లు మూస్తే కనిపించేది. పోనీలే అనుకుంటే పోదు. నాకు పనికొచ్చింది ఒక వంద పేజీల నోటుబుక్కు. నా తప్పులకు అదే తప్పొప్పుల పట్టిక. నాలుగు గళ్లు గీసుకున్నాను: తేదీ, ఏం చేశాను, పై నాలుగింటిలో ఏ రకం, ఎవరికి చెప్పాను. ఒక్కో తప్పుకు రెండు లైన్లు మించకూడదు. రెండు లైన్లలో పట్టేలా రాయాలంటే, 'నేను దేనికీ పనికిరానివాణ్ని' లాంటి తీర్పులు రాసే చోటుండదు. కింది లైను చూడలేదు, చెయ్యి జారడం, అంతే.

రాసి మూసేయండి. మూసేముందు నాలుగో గడి చూడండి. అది ఖాళీగా ఉంటే, పొద్దున్నే చేయాల్సిన మొదటి ఫోన్ అదే.